సీఆర్‌పీ పెరిగితే షుగర్ వచ్చినట్టేనా?

సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు కాలేయం ఎక్కువగా తయారుచేసే ప్రొటీన్. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 40 దాటినవారి రిపోర్టులో హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ (దాన్ని సూక్ష్మంగా కొలిచే పరీక్ష) పక్కన 'ఎక్కువ' అని రాసి ఉండటం మామూలే. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే తక్కువ, 1 నుంచి 3 వరకు మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. గమనించండి, ఈ హద్దులు గీసింది గుండెజబ్బు ముప్పు లెక్కకట్టడానికి. తీవ్ర స్థూలకాయం ఉన్నవారిలో చాలామంది ఎటూ 3 పైనే ఉంటారు. దాదాపు అందరిలోనూ పెరిగి ఉన్న అంకె, వాళ్లలో షుగర్ ఎవరికి వస్తుందో విడదీసి చెప్పలేదు.

అసలు ఎందుకు పెరుగుతుంది? కొవ్వు కణాలు బాగా ఉబ్బినప్పుడు కొన్ని చచ్చిపోతాయి. వాటిని తినేయడానికి మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు చుట్టూ మూగి టీఎన్‌ఎఫ్‌-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్‌-6 వంటి రసాయనాలు వదులుతాయి. టీఎన్‌ఎఫ్‌ కణంలోపల ఇన్సులిన్ సంకేతాన్ని మొద్దుబారుస్తుంది; స్థూలకాయపు ఎలుకల కొవ్వులో ఇది 1993లోనే బయటపడింది. ఇంటర్‌ల్యూకిన్‌-6 కాలేయాన్ని చేరి సీఆర్‌పీ తయారు చేయిస్తుంది. మరోపక్క, ఇన్సులిన్‌కు తోడ్పడే అడిపోనెక్టిన్ అనే కొవ్వు కణాల హార్మోన్ తగ్గిపోతుంది. అంటే సీఆర్‌పీ ఈ గొలుసు చివర కనిపించే గుర్తు. పుట్టుకతోనే జన్యువుల వల్ల సీఆర్‌పీ కాస్త ఎక్కువగా ఉన్నవారికి, ఆ కారణంగా షుగర్ ముప్పు పెరిగినట్టు తేలలేదు. పదివేల మందికి పైగా హృద్రోగులపై వాపును తగ్గించే కెనకినుమాబ్ మందును పరీక్షించినప్పుడు సీఆర్‌పీ బాగా తగ్గింది, గుండెపోట్లూ తగ్గాయి. కొత్తగా షుగర్ వచ్చేవారి సంఖ్య మాత్రం తగ్గలేదు. కాబట్టి సీఆర్‌పీ దించడమే లక్ష్యంగా మందులు, సప్లిమెంట్లు మింగడం దండగ.

అయినా పరీక్ష చేయించాలనుకుంటే, జలుబు, జ్వరం, పంటి చీము, దెబ్బ, టీకా ఇవేవీ దగ్గరలో లేని రోజు చూసుకోండి. 10 దాటితే కొవ్వు మీదకి నెట్టేయకుండా ఇన్ఫెక్షన్ ఉందేమో వెతికి, రెండు వారాలాగి మళ్లీ చేయించాలి. నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజన్ మాత్రలు సీఆర్‌పీని పెంచుతాయి, స్టాటిన్లు తగ్గిస్తాయి. ఒక్క రిపోర్టు చూసి ఏదీ తేల్చకండి.

షుగర్ ముప్పు తేల్చేవి షుగర్ పరీక్షలే. పరగడుపు గ్లూకోజ్ డెసిలీటరుకు 100 నుంచి 125 మిల్లీగ్రాములు, లేదా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపేది) 5.7 నుంచి 6.4 శాతం ఉంటే ప్రీడయాబెటిస్; 126 లేదా 6.5 శాతం, ఆపైన ఉంటే డయాబెటిస్. లక్షణాలు లేనివారిలో నిర్ధారణకు రెండు ఫలితాలు కలవాలి. పరగడుపు ఇన్సులిన్ కూడా చూస్తే ఇన్సులిన్‌కు శరీరం ఎంత మొద్దుబారిందో చెప్పే హోమా-ఐఆర్ లెక్కకట్టవచ్చు: గ్లూకోజ్‌ను ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించాలి. గ్లూకోజ్ 108, ఇన్సులిన్ 22.5 అయితే 6 వస్తుంది, అది బాగా ఎక్కువే. అయితే ఇన్సులిన్ కొలిచే పద్ధతి ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ మారుతుంది కనుక, పోల్చాలంటే ఒకే ల్యాబ్‌లో చేయించాలి. శాంపిల్‌లో ఎర్రకణాలు చితికితే ఇన్సులిన్ తక్కువ చూపిస్తుంది. తీసిన రక్తాన్ని అలాగే ఉంచేస్తే గ్లూకోజ్ గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. గ్లూకోజ్ తగ్గకుండా ఆపేందుకు వాడే ఫ్లోరైడ్ గొట్టంలో పోసినా మొదటి గంటా రెండు గంటలూ ఈ నష్టం పూర్తిగా ఆగదని చాలామందికి తెలియదు. అందుకే ఐస్‌లో ఉంచి, వెంటనే ప్లాస్మా వేరు చేయడం మంచిది.

ఎక్కువమంది బోల్తా పడేది ఐరన్ దగ్గర. వాపు ప్రక్రియ హెప్సిడిన్ అనే కాలేయ హార్మోన్‌ను పెంచుతుంది. హెప్సిడిన్ పేగులోంచి ఐరన్ రక్తంలోకి రానివ్వదు. అదే వాపు, ఐరన్ నిల్వను సూచించే ఫెరిటిన్‌నూ పెంచుతుంది. దాంతో ఫెరిటిన్ నార్మల్‌గా కనిపిస్తూనే లోపల ఐరన్ లోటు ఉండవచ్చు. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్ మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పేది) 20 శాతం లోపుంటే అనుమానించండి. ఐరన్ లోపపు రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. చికిత్స మొదలై కొత్త ఎర్రకణాలు పుట్టుకొస్తే అది దానంతటదే దిగుతుంది, షుగర్ అదుపులోకి వచ్చిందని పొరబడతాం. రక్తహీనత ఉన్నవారిలో పరగడుపు గ్లూకోజ్‌నే నమ్ముకోవాలి.

బరువు తగ్గించే సర్జరీ తర్వాత క్రమం గమనించండి. గ్యాస్ట్రిక్ బైపాస్ అయిన కొద్ది రోజుల్లోనే గ్లూకోజ్ దిగడం మొదలవుతుంది. తిండి బాగా తగ్గడం, పేగు హార్మోన్లు మారడం అందుకు కారణాలు. అదే సమయంలో సీఆర్‌పీ కోత గాయం వల్ల ఇంకా పైకి వెళుతుంది, రెండు మూడు రోజులకు శిఖరం చేరి దిగుతుంది. దిగకుండా పెరుగుతూ పోతే కుట్ల దగ్గర లీక్ ఉందేమో సర్జన్ వెంటనే చూడాలి. కొవ్వుతో ముడిపడిన సీఆర్‌పీ మాత్రం బరువుతోపాటు నెలల తరబడి మెల్లగా తగ్గుతుంది. బైపాస్ అయినవారికి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించే పరీక్ష పెట్టవద్దు: డంపింగ్‌తో (తీపి ఒక్కసారిగా పేగులోకి దిగడంతో) చెమటలు పట్టి గుండెదడ వస్తుంది, తర్వాత గ్లూకోజ్ బాగా పడిపోవచ్చు. వారికి పరగడుపు గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ చాలు; అనుమానం మిగిలితే చర్మానికి అతికించే గ్లూకోజ్ సెన్సర్ కొన్నాళ్లు పెట్టి చూడవచ్చు.