పూచీ ఎవరిది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో, ఇంటర్నెట్‌లో స్థానిక వార్తలు, వ్యాసాలు రాస్తున్న యువతీయువకులతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తూ బయట పెట్టిన బళ్ళు చూశాను. మూడింటి మీద ‘ప్రెస్’ అని స్టిక్కరు ఉంది. అందులో ఒకటి నాదే. మా అబ్బాయి అంటించాడు. పీకేద్దామనుకుంటూనే రెండేళ్ళు గడిచిపోయాయి. కూడలిలో బండి ఆపినప్పుడు కానిస్టేబుల్ దాన్ని చూసి కాస్త మెత్తబడతాడేమోనని నాకూ లోపల ఆశ ఉంది మరి. ఇవాళ మీరు నన్ను మాట్లాడమన్న విషయం కూడా ఆ స్టిక్కరు లాంటిదే.

ఇక్కడికి రమ్మని ఫోన్ చేసినప్పుడు ఒక కుర్రాడి ప్రశ్న చెప్పారు. ‘నాలుగేళ్ళుగా మా ఏరియా విషయాలు నెట్‌లో రాస్తున్నాను. ఏదైనా ఆఫీసుకు వెళ్ళి వివరం అడిగితే, మీది ఏ పేపరు అంటున్నారు. నా సైట్‌ను పత్రికగా రిజిస్టర్ చేయించుకుంటే నమ్ముతారా?’ అని. రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు. మన దేశంలో సైట్‌ను పత్రికగా రిజిస్టర్ చేయరు. చేసినా, ఆ కారణంగా ఎవరూ నమ్మరు. అయితే మీరు టీ, సమోసా కూడా ఏర్పాటు చేశారు కాబట్టి రెండు ముక్కలతో దిగిపోతే బాగుండదు.

ముందు చట్టం సంగతి. 1857 తిరుగుబాటు జరిగిన పదేళ్ళకు, 1867లో, పత్రికలు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఏ ప్రెస్సులోంచి ఏ కాగితం వస్తోందో దొరలకు తెలియాలి. అందుకని ప్రతి కాగితం మీద అచ్చు వేసినవాడి పేరు, ఊరు ఉండాలన్నారు. పత్రిక పెట్టేవాడు మేజిస్ట్రేటు ముందుకు వెళ్ళి డిక్లరేషన్ ఇవ్వాలన్నారు. గమనించండి, ‘నిజమే రాయండి’ అన్న మాట ఆ చట్టంలో లేదు. రాసిందానికి ఎవరు పూచీయో చెప్పమంది, అంతే. సంపాదకుడిగా ఎవరి పేరు అచ్చయిందో వాడే బాధ్యుడని కోర్టు మొదట అనుకోవచ్చు, కాదని రుజువు చేసుకోవలసింది వాడే. పాత పేపరు ఏదైనా తీసి చివరి పేజీ అడుగున చూడండి. చీమ తలకాయంత అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, ప్రెస్సు చిరునామా అన్నీ ఉంటాయి. మనం ఎప్పుడూ చదవం. పేపరు మొత్తంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ లైనే.

మార్చి నెలలో ఇంకో ముచ్చట ఉండేది. 1956 నాటి నిబంధనల ప్రకారం ఏటా ఫిబ్రవరి వెళ్ళాక వచ్చే మొదటి సంచికలో ‘ఫారం 4’ అచ్చు వేయాలి. పత్రిక యజమాని ఎవరు, వాటాదారులు ఎవరు, ఎక్కడుంటారు అన్న వివరాలు అందులో ఉంటాయి. నేను ఈ ఊళ్ళో ఒక చిన్న మాసపత్రిక నడిపిన రోజుల్లో దాన్ని ఎంతో నిష్ఠగా వేసేవాణ్ణి. వాటాదారులు ఎవరని అడిగిన చోట నా పేరు, మా ఆవిడ పేరు. ఆవిడ గాజుల డబ్బుతో మొదటి మూడు సంచికలు వచ్చాయి, అందుకని.

ఆ పాత చట్టం పోయింది. దాని స్థానంలో పార్లమెంటు 2023లో చేసిన చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. రిజిస్ట్రార్ ఆఫ్ న్యూస్‌పేపర్స్, మనం ఆర్‌ఎన్‌ఐ అనేవాళ్ళం కదా, ఆ ఆఫీసే ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్. టైటిల్‌కు, రిజిస్ట్రేషన్‌కు కలిపి ఆన్‌లైన్లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మేజిస్ట్రేటు ముందు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. కానీ పీరియాడికల్ అంటే ఏమిటో ఆ చట్టం ఒక నిర్వచనం ఇచ్చింది. నిర్ణీత వ్యవధిలో ‘అచ్చయి’ వెలువడేది, అందులో ప్రజలకు సంబంధించిన వార్తలో, వాటి మీద వ్యాఖ్యలో ఉండేది. అచ్చు అన్న మాట దగ్గర మీ సైట్ ఆగిపోతుంది. 2019లో వచ్చిన ముసాయిదాలో డిజిటల్ వార్తలనూ చేర్చారు. చివరికి చట్టమయ్యేసరికి అది లేదు.

దీనికి కొందరు అడ్డదారి కనిపెట్టారు. నాలుగు పేజీల పత్రికకు టైటిల్ తీసుకుంటారు. నెలకు యాభై కాపీలు వేస్తారు, అవి ఆఫీసులకు చూపించడానికే. దానికొచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు తీసుకెళ్ళి సైట్ నెత్తిన పెడతారు. తర్వాత ఐడీ కార్డులు పంచుతారు, కొందరైతే అమ్ముతారు. తప్పా ఒప్పా అని నన్ను అడగకండి, నా మొహం చూస్తే మీకే తెలుస్తుంది. నిజంగా పాఠకుడి కోసం అచ్చు వేసేవాడైతే మాత్రం శుభ్రంగా రిజిస్టర్ చేయించుకోవాలి. చేయించుకోకుండా అచ్చు వేస్తే జరిమానా పడవచ్చు.

సైట్‌ను పత్రికగా రిజిస్టర్ చేసే దేశాలు లేవా అంటే, ఉన్నాయి. ఇటలీ సంగతి చెబుతాను. అక్కడ 1948 నాటి పత్రికా చట్టం ప్రకారం ఊళ్ళోని కోర్టులో పత్రికను నమోదు చేయించాలి. బాధ్యుడైన సంపాదకుడు ఒకరుండాలి, ఆయన పేరు పాత్రికేయుల సంఘం జాబితాలో ఉండాలి. 2001లో ఇంటర్నెట్ పత్రికలనూ ఆ పద్ధతిలోకి తెచ్చారు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. సిసిలీలో ఒక చరిత్రకారుడు మాఫియా గురించి, రాజకీయాల గురించి తన సైట్‌లో రాసేవాడు, నమోదు చేయించలేదు. ‘రహస్య పత్రిక’ నడుపుతున్నాడని 2008లో శిక్ష వేశారు. పై కోర్టు కూడా సరేనంది. 2012లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం కొట్టేసేదాకా ఆయనకు కోర్టుల చుట్టూ తిరగడమే పని. నంబరు కావాలని మనం ఆశగా చూస్తున్నాం. తలుపు తెరుచుకుంటే లోపలికి వచ్చేది గౌరవం ఒక్కటే కాదు.

మనకు సైట్ల విషయంలో వర్తించేవి వేరు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు. వార్తలు ప్రచురించే డిజిటల్ సంస్థలు తమ వివరాలు కేంద్ర సమాచార, ప్రసార శాఖకు ఇవ్వాలి. ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరుండాలి, ఆయన పేరు, ఫోన్ నంబరు సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు వస్తే 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. వీటిలో నైతిక నియమావళికి సంబంధించిన కొంత భాగాన్ని బొంబాయి హైకోర్టు 2021 ఆగస్టులో నిలిపివేసింది. వ్యాపారంగానో వృత్తిగానో కాకుండా సొంతంగా రాసుకునే మనిషిని ఈ నిబంధనల్లో ప్రచురణకర్తగా లెక్కపెట్టలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వివరాలు పంపడం వేరు, రిజిస్ట్రేషన్ వేరు. పంపినంత మాత్రాన ‘కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన’ అని రాసుకోకూడదు. ఉద్యమ్ సర్టిఫికెట్ పెట్టి అలా రాసుకునేవాళ్ళను చూశాను. అది చిన్న పరిశ్రమలకు ఇచ్చేది. పిండిమిల్లుకూ ఇస్తారు.

ఇక ఐఎస్‌ఎస్‌ఎన్, అంటే క్రమంగా వెలువడే ప్రచురణలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య. ఎనిమిది అంకెలు, నాలుగేసి చొప్పున, మధ్యలో చిన్న గీత. దీని అంతర్జాతీయ కేంద్రం ప్యారిస్‌లో ఉంది, మన దేశానికి ఇచ్చే కేంద్రం ఢిల్లీలో. క్రమంగా వెలువడే వెబ్ పత్రికలు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, ఇప్పిస్తానని డబ్బులు అడిగేవాడి జోలికి పోకండి. అయితే అది లైబ్రరీలో పుస్తకం వీపున అంటించే చీటీ లాంటిది. ఫలానా పత్రిక ఫలానాదేనని గుర్తుపట్టడానికి. లోపల ఏముందో దానికి అక్కర్లేదు. యూనివర్సిటీ పిల్లలు ఎవరైనా ఉంటే నవ్వుతారు. డబ్బు తీసుకుని ఏ చెత్తయినా వేసే జర్నళ్ళకు కూడా ఆ నంబరు ఉంటుంది. అందుకే కదా యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, అదే యూజీసీ, నమ్మదగిన జర్నళ్ళకని కొన్నేళ్ళు ‘కేర్’ అని ఇంకో జాబితా పెట్టుకోవలసి వచ్చింది!

మరి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

2020 మే 7 తెల్లవారుజామున మన ఊళ్ళోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకయింది. 12 మంది పోయారు. మీలో చాలామందికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి మళ్ళీ లీకవుతోందన్న మాట పాకింది, పిల్లల్ని ఎత్తుకుని జనం రోడ్ల మీదికి వచ్చారు. నా ఫోన్‌కు వరసగా మెసేజీలు. ఒక్కదాని కింద పేరు లేదు, ఎన్ని గంటలకు రాశారో లేదు. సాయంత్రం సంగతా, ఇప్పటి సంగతా? ఎవర్ని అడగాలి?

దాని పక్కన కిర్లంపూడి లేఅవుట్‌లో ఉన్న తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే బులెటిన్ పెట్టి చూడండి. బులెటిన్ నంబరు, విడుదల చేసిన టైము, వాయుగుండం ఏ అక్షాంశం మీద ఉంది, విశాఖకు ఎన్ని కిలోమీటర్లు, ఏ దిక్కున. మూడు గంటల తర్వాత తుపాను దారి మార్చుకుంటే మారిందనే రాస్తారు. పాత బులెటిన్ తప్పయిందని దాన్ని ఎవరూ దాచెయ్యరు. జాలరిపేటలో చదువు రాని ముసలాయన కూడా ఏ నంబరు జెండా ఎగరేశారని అడుగుతాడు. ఆ కేంద్రానికి ఏ రిజిస్ట్రేషన్ ఉందని అడగడు.

నా సొంత అనుభవం ఒకటి. మాసపత్రిక మూసేసి సైట్‌లో రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో, ఎవరో పంపిన మెసేజీ నమ్మి, మా వార్డులో రెండు రోజులు కుళాయి నీళ్ళు రావని వేసేశాను. వెనక వీధిలో ఒకావిడ ఉన్న బిందెలు, బకెట్లు, ఆఖరికి ఆవకాయ జాడీ కూడా కడిగి నీళ్ళు పట్టుకుంది. మర్నాడు ఉదయం మా గుమ్మంలోకి వచ్చింది. ‘ఏటి బాబూ, నీళ్ళు రావని రాసీసావు, నిన్నంతా ధారగా వచ్చీసినాయి కదా! ఈ జాడీ ఇప్పుడెలా ఆరబెట్టాల?’ నాకు తలెత్తడానికి మొహం లేదు. ఆ సాయంత్రమే పాత వార్త తీసెయ్యకుండా దాని పైనే, నేను పొరబడ్డాను, మున్సిపల్ ఆఫీసులో కనుక్కోకుండా రాశాను అని పెట్టాను. ఆవిడ ఇప్పటికీ చదువుతుంది. తప్పు దొరికితే ఇప్పటికీ వస్తుంది. నన్ను నమ్ముతుందో లేదో తెలియదు గానీ, నేను ఎక్కడ దొరుకుతానో ఆవిడకు తెలుసు. ఆర్‌ఎన్‌ఐ నంబరు ఉన్న రోజుల్లో ఒక్కరూ గుమ్మం దాకా రాలేదు.

అమెరికాలోని తెలుగువాళ్ళు 1998లో మొదలుపెట్టిన ‘ఈమాట’ వెబ్ పత్రిక చూడండి. కాగితం మీద అచ్చయ్యేది కాదు. సంపాదకుల పేర్లుంటాయి, సంచికకు నెల, సంవత్సరం ఉంటాయి, మొదటి సంచిక ఇవాళ తెరిచినా అక్కడే ఉంటుంది. ఇది అనుకున్నంత చిన్న పని కాదు. శ్రీకాకుళం వెళ్ళి కథకుడు కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావుగారు, తెలుగు కథల కోసం పెట్టిన గ్రంథాలయం కథానిలయంలో పాత పత్రికల బీరువాల ముందు నిలబడితే తేదీ విలువ తెలుస్తుంది. నెల, సంవత్సరం లేని సంచిక ఎంత మంచిదైనా దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. మన సైట్లలో చాలావాటికి అదే జబ్బు. నిన్న రాసింది ఇవాళ చడీచప్పుడు లేకుండా మారిపోతుంది.

అక్రిడిటేషన్, అదే విలేకరులకు ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు, దాని గురించి అడుగుతారని తెలుసు. అది రాష్ట్ర సమాచార శాఖ ఇచ్చేది, దాని నియమాలు వేరు, ప్రభుత్వాలు మారినప్పుడల్లా జీవోలూ మారుతుంటాయి. ఆ పంచాయతీ ఇవాళ వద్దు.

ఇందాకటి ప్రశ్న పంపిన బాబు ఎక్కడ? వెనక వరసలోనా? లేవకు, కూర్చునే విను నాన్నా. ఇక్కడికి వచ్చేముందు నీ సైట్ చూశాను. గెడ్డల్లో చెత్త గురించి రాసినవి బాగున్నాయి, ఫోటోలూ నువ్వే తీశావని అర్థమవుతోంది. కానీ ఎంత వెతికినా రాసినవాడి పేరు దొరకలేదు. ప్రతి వార్త కింద ‘అడ్మిన్’ అని ఉంది. ఆ ఆఫీసులో గుమాస్తా, మీది ఏ పేపరు అని అడిగాడన్నావు, పాపం ఆయన తప్పేముంది? ఈ రాత్రి ఇంటికి వెళ్ళి ఆ అడ్మిన్‌ను తీసేసి నీ పేరు, మీ వీధి, ఒక ఫోన్ నంబరు పెట్టు. ఆర్నెల్లు అలా నడిపాక కూడా నంబరు కావాలనిపిస్తే మా ఇంటికి రా, ఐఎస్‌ఎస్‌ఎన్ దరఖాస్తు ఇద్దరం కూర్చుని నింపుదాం.