ఆ తలుపు చెక్క, ఆ ఖాళీ పడవలు

శ్రోతలకు నమస్కారం.

టైటానిక్ సినిమా చూసినవాళ్ళ మధ్య ఒక వాదన ఇప్పటికీ తెగలేదు. ఓడ మునిగాక హీరోయిన్ రోజ్ పడుకున్న ఆ తలుపు చెక్క మీద హీరో జాక్‌కి కూడా చోటుండేదా, లేదా? సినిమా వచ్చింది 1997లో. ఈ వాదన ఎంతదాకా పోయిందంటే, పాతికేళ్ళ తర్వాత దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఇద్దరు స్టంట్ కళాకారుల్ని చల్లటి నీళ్ళలో దింపి పరీక్ష చేయించాడు. ఇద్దరూ ఒడుపుగా సర్దుకుని, ఛాతీ వరకైనా నీళ్ళ పైకి ఉంచుకోగలిగితే జాక్ కూడా బతికేవాడేమోనని ఒప్పుకున్నాడు. నాకు మాత్రం ఆ చెక్క కొలతల కంటే ఆ రాత్రి నీళ్ళ గురించీ, ఆ నీళ్ళకి కాస్త దూరంలో ఆగి ఉన్న పడవల గురించీ మీతో చెప్పాలని ఉంది.

1912 ఏప్రిల్ 14 రాత్రి 11.40కి నిజమైన టైటానిక్ ఓడ మంచుకొండకి గుద్దుకుంది. తెల్లవారుజామున 2.20కి మునిగిపోయింది. అప్పుడు అక్కడి సముద్రం సున్నాకి రెండు డిగ్రీలు తక్కువ. ఉప్పునీళ్ళు కాబట్టి గడ్డకట్టలేదు, అంతే. ఓడలో ఉన్న సుమారు 2,200 మందిలో దాదాపు 1,500 మంది చనిపోయారు. వాళ్ళంతా ఓడతో పాటు అడుక్కి వెళ్ళిపోయారని అనుకుంటాం. కానీ చాలామందికి లైఫ్ జాకెట్లు ఉన్నాయి. తలలు నీళ్ళ పైనే ఉన్నాయి. వాళ్ళని చంపింది చలి.

చలి ఎలా చంపుతుందన్న దగ్గరే సినిమాకీ నిజానికీ తేడా వస్తుంది. కార్తీక మాసంలో తెల్లవారుజామున గోదావరిలో మొదటి మునక వేసినవాళ్ళకి ఒక అనుభవం ఉంటుంది. నీళ్ళు ఛాతీకి తగలగానే మన ప్రమేయం లేకుండానే ఊపిరి "హా" అని లోపలికి లాక్కుంటుంది. నోట్లో ఉన్న మంత్రం కూడా ఆగిపోతుంది. ఆ నీళ్ళు గడ్డకట్టే చలికి ఎంతో దూరం. అదే సున్నా డిగ్రీల నీళ్ళయితే ఆ ఎగఊపిరి ఒకదాని మీద ఒకటి వస్తూనే ఉంటుంది, గుండె దడదడలాడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే, పీల్చేది గాలి కాదు, నీళ్ళు. ఎంత గజ ఈతగాడైనా ఒడ్డుకి నాలుగు బారల దూరంలో పోయేది ఇందుకే.

కెనడాలోని మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మంచునీళ్ళలోకి తానే ఎన్నోసార్లు దిగి ఈ విషయాలు పరిశీలించారు. ఆయన చెప్పే లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక్క నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి. తర్వాత పది నిమిషాలు చేతులు కాళ్ళు మన మాట వింటాయి. స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే పడగానే కంగారుగా ఈదకూడదు. దేన్నయినా పట్టుకుని తేలుతూ ముందు ఊపిరి కుదుటపడనివ్వాలి. బయటికి రావడానికి చేసే ప్రయత్నమంతా ఆ పది నిమిషాల్లోనే. అమెరికా, కెనడాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి. 2022 డిసెంబర్‌లో అరిజోనాలో పైపైన గడ్డకట్టిన చెరువు మీద నడుస్తుండగా మంచు విరిగి మనవాళ్ళు ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇప్పుడు సినిమా గుర్తుచేసుకోండి. నడుం లోతు నీళ్ళలో జాక్, రోజ్ ఓడంతా పరిగెడతారు, గొడ్డలి పట్టుకుంటారు, తాళాలు తీస్తారు. నిజంగా అయితే కాసేపటికే వేళ్ళు కొయ్యముక్కల్లా అయిపోతాయి. పిడికిలి బిగుసుకోదు. తాళంచెవి చేతిలోంచి జారిపోయినా తెలియదు. అయితే చివర్లో రోజ్ గొంతు పెగలక, చనిపోయిన ఆఫీసర్ నోట్లోంచి ఈల తీసి ఊదుతుంది చూశారా, అక్కడ సినిమా నిజానికి చాలా దగ్గరగా వచ్చింది.

ఓడలో వంటశాల బ్రెడ్ విభాగం పెద్ద చార్లెస్ జాఫిన్ రెండు గంటలు నీళ్ళలో ఉన్నానని విచారణలో చెప్పాడు. ఆ రాత్రి అతను మందు తాగాడు కాబట్టి, మందే కాపాడిందని కథ పుట్టింది. దయచేసి దాన్ని నమ్మకండి. మందు చర్మంలోని రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది. అతను బోర్లాపడిన ఒక పడవ దాకా చేరుకున్నాడు. ఆ పడవ మీదున్న ఒక వంటమనిషి అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

బతికినవాళ్ళ కథల్లో ఆ చెయ్యే మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. టైటానిక్‌లో 20 పడవలున్నాయి, వాటిలో 1,178 మందికి చోటుంది. కానీ బతికి బయటపడింది 700 పైచిలుకు మందే. 40 మంది పట్టే ఒక పడవలో 12 మందే ఉన్నారు. చీకట్లో అరుపులు వినపడుతూనే ఉన్నాయి. వెనక్కి వెళ్తే అందరూ మీదపడి పడవ ముంచేస్తారని భయం. ఆ భయం అబద్ధం కాదు. అయినా నాలుగు వందలకి పైగా ఖాళీ సీట్లు ఉండగా, ఒక్క చెక్క మీద చోటు గురించి మనం ఇన్నేళ్ళుగా కొట్టుకుంటున్నామంటే నాకు బాధగా ఉంటుంది.

ఆఫీసర్ హెరాల్డ్ లోవ్ తన 14వ నంబరు పడవలోని జనాన్ని వేరే పడవల్లోకి సర్ది, అరుపులు తగ్గాక వెనక్కి వెళ్ళాడు. అప్పటికి ప్రాణంతో దొరికింది నలుగురే. వాళ్ళలో ఒకాయన పడవలోనే పోయాడు. మరొకడు ఒక తలుపు చెక్కకి తాడుతో తనని తాను కట్టుకుని, బోర్లా పడి కనిపించాడు. అవును, తలుపు చెక్కే. పిలిస్తే పలకలేదు. అతన్ని తీసుకోవడానికి లోవ్ మొదట వెనకాడాడని, పోయే ఉంటాడని, పైగా తెల్లవాడు కాదని అన్నాడని పడవలోని ఒకావిడ ఆ ఏడాదే రాసింది. మళ్ళీ మనసు మార్చుకుని పైకి లాగాడు. ఆడవాళ్ళు ఛాతీ రుద్దారు, అరచేతులు, అరికాళ్ళు రుద్దారు. అతను కళ్ళు తెరిచాడు, తన భాషలో ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. లేచి నిలబడి చేతులు చాచాడు, కాళ్ళు నేలకేసి తన్నాడు. పక్కన అలసిపోయి తెడ్డు లాగలేకపోతున్న నావికుణ్ణి జరిపి, తానే తెడ్డు అందుకుని, సాయం వచ్చేదాకా వేశాడు. తన మాటకి సిగ్గుపడుతున్నానని లోవ్ అన్నాడట.

అతని పేరు ఫాంగ్ లాంగ్ అని, చైనా నావికుడని పరిశోధకులు తేల్చారు. ఓడలో ఎనిమిది మంది చైనావాళ్ళుంటే ఆరుగురు బతికారు. చైనావాళ్ళని రానివ్వని చట్టం ఉండడంతో, న్యూయార్క్ చేరిన ఒక్క రోజులోనే అమెరికా ఆ ఆరుగుర్నీ వేరే ఓడెక్కించి పంపేసింది. ఫాంగ్ లాంగ్ తర్వాత ఎప్పటికో అమెరికాలోనే స్థిరపడ్డాడు. ఆ రాత్రి గురించి కన్నకొడుక్కి కూడా చెప్పకుండానే కన్నుమూశాడు. కామెరాన్ అతని దృశ్యం చిత్రీకరించాడు కానీ, థియేటర్లకి వచ్చిన సినిమాలో అది లేదు.

సెలవు, నమస్కారం.