ఇంకో ఆఫర్ లేకుండా ఐటీ ఉద్యోగం మానేయాలంటే: రాజీనామాకు ముందు చూసుకోవలసిన లెక్కలు

[తెరపై: కాజీపేట జంక్షన్, రాత్రి వేళ]

శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ నుంచి కాజీపేట వైపు వచ్చే రైలు ఎక్కితే, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, హాట్‌స్పాట్ తెగిపోయినప్పుడల్లా మేనేజర్‌కు "నెట్‌వర్క్ ఇష్యూ" అని మెసేజ్ పెడుతున్నవారు ఒకరిద్దరైనా కనిపిస్తారు. అంతవరకే అయితే దాన్ని పని ఒత్తిడి అనుకోవచ్చు. పదిమంది ఉన్న కాల్‌లో అవమానించడం, సెలవు అడిగితే రేటింగ్ తగ్గిస్తామని బెదిరించడం, నెలల తరబడి నిద్ర పట్టకపోవడం వేరు. అలాంటి చోటి నుంచి చేతిలో ఆఫర్ లేకుండానే బయటికి రావచ్చా అన్నది ఈ వీడియో విషయం.

మన ఇళ్లలో దీనికి సిద్ధంగా ఉండే జవాబు "ఇంకోటి దొరికినంక ఇది మానెయ్" అన్నదే. పెద్దల మాటలో తప్పు లేదు గాని, ఐటీలో నోటీస్ పీరియడ్ (రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన కాలం) పనిచేసే తీరు వారికి తెలియదు. చాలా పెద్ద కంపెనీల్లో నోటీస్ 90 రోజులు. రిక్రూటర్ ఫోన్ చేసి ముందుగా అడిగేది దాని గురించే. మూడు నెలలు అనగానే చాలాసార్లు మాట అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే వారికి వెంటనే చేరేవారు కావాలి. అదే మనిషి రాజీనామా ఇచ్చి, లాస్ట్ వర్కింగ్ డే ఇంకో ఇరవై రోజుల్లో ఉందని చెబితే, అదే రిక్రూటర్ ఇంటర్వ్యూ తేదీ అడుగుతారు. అంటే ఆఫర్ లేకుండా రాజీనామా ఇవ్వడమూ, జీతం లేకుండా మిగలడమూ ఒకే రోజు జరిగేవి కావు; వాటి మధ్య ఉన్న మూడు నెలలే అసలు వెతుకులాట కాలం. అయితే కంపెనీ ముందే రిలీవ్ చేయవచ్చు. అప్పుడు మిగిలిన రోజులకు జీతం ఇస్తుందా, ఇంతకాలం పనిచేస్తానని రాసిచ్చిన బాండ్ ఏమైనా ఉందా అన్నవి అపాయింట్‌మెంట్ లెటర్‌లో ముందుగానే చదివి పెట్టుకోవాలి.

[తెరపై: ఖర్చుల పట్టిక]

లాస్ట్ వర్కింగ్ డే తర్వాత కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలని నా అభిప్రాయం. మాదాపూర్ హాస్టల్ ఖాళీ చేసి హనుమకొండలో ఇంట్లో ఉంటే అద్దె, భోజనం ఖర్చు తగ్గుతుంది గాని ఈఎంఐ తగ్గదు; కాబట్టి లెక్క ఈఎంఐతో మొదలుపెట్టాలి. (పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో "పిల్లగాడు ఖాళీగున్నడట" అన్న మాటకు ఉండే బరువు ఏ పట్టికలోనూ రాదు. అందుకే ఇంట్లోవారికి రాజీనామా ఇచ్చాక కాదు, ముందే చెప్పడం మంచిది.) వరంగల్ దగ్గరి మడికొండలో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు మొదలయ్యాయి, కరీంనగర్ ఐటీ టవర్ అదే ఏడాది జులైలో తెరుచుకుంది, అక్కడా ప్రయత్నించవచ్చు, కాని వాటినే నమ్ముకుని రాజీనామా ఇవ్వకూడదు.

రాజీనామా తేదీ విషయంలో గ్రాట్యుటీని, అంటే సర్వీసుకు గాను కంపెనీ చివర్లో ఇచ్చే మొత్తాన్ని, మరిచిపోయేవారు ఎక్కువ. చట్టం ప్రకారం సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు పూర్తయితేనే అది వస్తుంది. గ్రాట్యుటీ లెక్కకు తీసుకునే జీతం నెలకు 40,000 రూపాయలు ఉన్నవారికి ఐదేళ్లకు వచ్చేది సుమారు 1,15,000 రూపాయలు. నాలుగేళ్ల పది నెలల దగ్గర ఉన్నవారు, ఆరోగ్యం సహకరిస్తే, నోటీస్ కాలాన్ని కలుపుకుని ఆ తేదీ దాటేలా చూసుకోవచ్చు. పీఎఫ్ సొమ్మును కూడా ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీసుకుంటే దానిపై పన్ను పడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆరోగ్య బీమా పోవడం. కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా లాస్ట్ వర్కింగ్ డేతో ముగుస్తుంది, అందులో ఉన్న అమ్మానాన్నల కవరేజీ కూడా దానితోపాటే పోతుంది. నాన్నకు షుగర్ ఉంటే, కొత్తగా తీసుకునే పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ ఉండవచ్చు. అందుకే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం గురించి నోటీస్‌లో ఉండగానే అడగాలి.

ఎంత విసుగు పుట్టినా చెప్పకుండా వెళ్లిపోవద్దు. కంపెనీ "అబ్‌స్కాండింగ్" (చెప్పకుండా వెళ్లిపోయారు) అని రాస్తే రిలీవింగ్ లెటర్ రాదు, తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అక్కడే ఆగిపోతారు. పేస్లిప్‌లు, జీతంలో కోసిన పన్నుకు ఇచ్చే సర్టిఫికెట్ సొంత మెయిల్‌కు తీసుకోండి. కంపెనీ కోడ్ మాత్రం కాపీ చేసుకోవద్దు. జరిగింది లైంగిక వేధింపు అయితే, పనిచేసే చోట లైంగిక వేధింపులపై ఉన్న 2013 చట్టం కింద చివరి ఘటన నుంచి మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. రాజీనామా ఇచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు.

చనిపోవాలనిపించే స్థితికి వచ్చినవారికి మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. వారు ముందు మెడికల్ లీవ్ పెట్టి వైద్యుణ్ణి కలవాలి. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది, టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

[తెరపై: ఈపీఎఫ్ సర్వీస్ హిస్టరీ, "డేట్ ఆఫ్ ఎగ్జిట్" గడి ఖాళీగా]

బయటికి వచ్చాక ఈ గడి చూసుకోండి. కంపెనీ ఆ తేదీ నింపకపోతే, చివరి చందా జమ అయిన రెండు నెలల తర్వాత యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా నంబరు) పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. అది ఖాళీగా ఉంటే కొత్త ఉద్యోగంలో చేరాక పాత పీఎఫ్ బదిలీ దగ్గర ఇబ్బంది వస్తుంది.