సాగు మానిన చేను – రాలిన ఆకు

శ్రోతలకు నమస్కారం. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండవాలుల్లో ఒకప్పుడు పోడు కొట్టి చోళ్లు, సామలు, కందులు పండించిన నేలల్లో ఈనాడు చాలాచోట్ల జీడితోటలు ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం మెట్టల్లో గోగు పండిన చేలు కొన్ని నీలగిరి, సరుగుడు తోటలయ్యాయి. పచ్చదనం వచ్చింది, సంతోషమే. దాని కింద మట్టి కూడా బాగుపడిందా అన్నదే నేటి ప్రసంగ విషయం.

ఇది తేల్చడానికి నాకెంతో ఇష్టమైన పరీక్ష ఒకటుంది. ఏటా దున్నే చేనిలో నుంచి ఒక మట్టిగడ్డను, గట్టుకు అవతల ఏళ్ల తరబడి నాగలి తగలక పొదలూ చెట్లూ పెరిగిన చోటు నుంచి మరొక గడ్డను, రెండూ జీడిపిక్కంత పరిమాణంలో తీసి, నీడన ఆరబెట్టి, రెండు గాజుగ్లాసుల నీళ్లలో మెల్లగా వదలండి. దున్నిన చేని గడ్డ బుడగలు విడుస్తూ నిమిషాల్లో విచ్చిపోయి, నీళ్లను ఎర్రబరచి, అడుగున బురదై కూర్చుంటుంది. రెండో గడ్డ అంచులు కాస్త రాలినా గడ్డగానే నిలుస్తుంది. నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి. సన్నని వేళ్లు, కంటికి ఆనని బూజు తంతువులు, కుళ్లిన ఆకు నుంచి వచ్చే జిగురు కలిసి ఆ మట్టిరేణువులను పట్టి ఉంచుతాయి. నాగలి ఆ పట్టును తెంచుతుంది. తొలకరి వానకు గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి, అక్కడి నుంచి నాగావళిలోకి ఎర్రగా పారేది పట్టు తెగిన ఆ మట్టే.

భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ వేళ్ల నుంచి మట్టికి చేరే కర్బనం, 0.5 శాతానికి తగ్గితే ఆ నేలను తక్కువ సారం గలదిగా లెక్కిస్తారు. సాగు మానిన చేనిలో ఈ కర్బనం ముందుగా పైనున్న జానెడు మట్టిలోనే పెరుగుతుంది; లోపలి పొరలకు చేరడానికి దశాబ్దాలు పట్టవచ్చు. చెట్టు జాతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. సరుగుడు, కానుగ వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. నీలగిరికి ఆ గుణం లేదు, దాని ఆకు కుళ్లడమూ నిదానమే. చైనాలో 1999 నుంచి ఏటవాలు చేలల్లో సాగు మాన్పించి చెట్లు పెంచినప్పుడు పైమట్టి బాగుపడింది గాని, వాన తక్కువైన చోట చిక్కగా నాటిన తోటలు లోతు పొరల్లోని తేమను పీల్చేశాయి. అందుకే, నా మట్టుకు నాకు, వరుసలు తీర్చిన ఒకే జాతి తోటకన్నా తంగేడు, మోదుగ, కానుగ తమంతట తాము మొలిచిన బీడే ముద్దు.

ఏ చెట్టయినా మట్టికి పెట్టే పెట్టుబడి రాలిన ఆకే. ఆ రాలిన ఆకునే మనం తగలబెడుతున్నాం. జీడిపిక్కలు ఏరుకోవడానికి వేసవికి ముందు తోట ఊడ్చడం తప్పదు, ఒప్పుకుంటాను. ఊడ్చిన ఆకుకు మాత్రం నిప్పు పెట్టకండి. చెట్టుకు ఎగువన, కొమ్మల అంచు వెంబడి అర్ధచంద్రాకారంలో తక్కువ లోతు కందకం తీసి, ఆకు అందులో నింపి, పేడనీళ్లు చల్లి, మట్టి కప్పండి. జీడాకు మందం కనుక ఒక వానాకాలానికే పూర్తిగా కుళ్లకపోవచ్చు. మరుసటి ఏడు ఆ కందకాన్ని కదపకుండా దాని పక్కనే మరొకటి తీయండి.