ఉండడం వేరు, పలకడం వేరు

(కావలిలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలోనూ వచ్చారు, సంతోషం. జన్యువుల గురించి మాట్లాడమన్నారు, నేను రొయ్య దగ్గర మొదలుపెడతాను. మన తీరం వెంబడి హేచరీల్లో పనిచేసినవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. తప్పు చెబితే అక్కడే ఆపండి.

తల్లి రొయ్యను ట్యాంకులో వదిలేస్తే అది తనకు కుదిరినప్పుడే గుడ్లకు వస్తుంది. వ్యాపారానికి అంత ఓపిక ఉండదు కదా. అందుకని దాని కంటి కాడను కాల్చిన పట్టకారుతో నొక్కి తీసేస్తారు. ఒక్క కన్నే, రెండూ కాదు. కొద్ది రోజులు పోయాక రాత్రిపూట టార్చి వేసి చూస్తే వీపు వెంబడి నారింజ రంగు పట్టీ కనిపిస్తుంది. అది నిండిన అండాశయం. మొదటిసారి చూసినప్పుడు నాకు కడుపులో తిప్పింది. ఆ తర్వాత అనుమానం పట్టుకుంది: కన్ను తీస్తే గుడ్లెందుకు వస్తాయి?

ఆ కాడలో ఒక చిన్న గ్రంథి ఉంది. గుడ్లు ఎదగకుండా ఆపే హార్మోన్ అక్కడినుంచి వస్తుంది. ఒక కాడ పోయేసరికి ఆ హార్మోన్ తగ్గిపోతుంది, గుడ్డు సొనకు కావలసిన విటెల్లోజెనిన్ అనే ప్రొటీన్‌ను చేసే జన్యువు పనిలోకి దిగుతుంది. కొత్త జన్యువేదీ బయటినుంచి రాలేదు. అది నిన్నా ఉంది. కంటి కణంలోనూ ఉంది, మగ రొయ్యలోనూ ఉంది. నోరు మూసుకుని ఉంది, అంతే.

పుస్తకాల్లో దీన్ని జన్యు వ్యక్తీకరణ అంటారు. క్లాసులో నేను 'జన్యువు పలకడం' అనేవాణ్ణి. ఎలా పలుకుతుందంటే, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు గుర్తుచేసుకోండి. అసలు రికార్డు అక్కడినుంచి కదలదు, మన చేతికి వచ్చేది నకలు. డీఎన్ఏ కూడా అంతే, కణం మధ్యలో కేంద్రకం అనే గదిలో కదలకుండా ఉంటుంది. కావలసిన ముక్కకు మాత్రం ఆర్ఎన్ఏ అనే నకలు తీస్తారు, దాన్ని చూసి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. ఎవరికి నకలివ్వాలి, ఎన్ని ఇవ్వాలి అని చూసే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. ఇచ్చిన నకలు పనిచేయకుండా అడ్డుపడే బుల్లి ఆర్ఎన్ఏలు కూడా ఉన్నాయి. వాటిని కనిపెట్టినందుకే 2024లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

మనిషిలో ప్రొటీన్లను చేసే జన్యువులు సుమారు 20,000. కంట్లోనూ, కాలేయంలోనూ, గుండెలోనూ దాదాపుగా అదే కట్ట. తేడా అంతా ఎక్కడ ఏ పేజీ తెరిచారన్న దాంట్లోనే ఉంది. మూసిన పేజీలు చిరిగిపోలేదని జాన్ గర్డన్ అనే శాస్త్రవేత్త 1962లో కప్పతో చూపించాడు. తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని తీసి, కేంద్రకం లేని గుడ్డులో పెడితే మళ్లీ తోకకప్పే వచ్చింది. నేను మాత్రం చాలా ఏళ్లు బోర్డు మీద జన్యువులను దారానికి గుచ్చిన పూసల్లా గీసి, పిల్లలతో అవే గీయించి మార్కులు వేశాను. ఏ పూస ఎప్పుడు పలుకుతుందో అడిగిన ప్రశ్నాపత్రం ఒక్కటీ లేదు.

ఇప్పుడు రక్తం సంగతి. గర్భంలో ఉన్న బిడ్డ తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కోవాలి. అందుకు తల్లిదానికన్నా గట్టి పట్టున్న హిమోగ్లోబిన్ కావాలి. గామా అనే జన్యువు దాన్ని అందిస్తుంది. పుట్టాక కొన్ని నెలల్లో గామా గొంతు తగ్గి, బీటా అనే జన్యువు అందుకుంటుంది. అందుకే తలసీమియా మేజర్ అనే పుట్టుకతో వచ్చే రక్తలోపం ఉన్న బిడ్డ పుట్టినప్పుడు బొద్దుగా, చక్కగా ఉంటుంది. ఈ తలసీమియాలో చెడింది బీటా. దాని వంతు వచ్చేదాకా తేడా తెలియదు. ఆరు నెలలు దాటాక బిడ్డ పాలిపోతుంది, పాలు తాగదు. 'దిష్టి తగిలింది' అని తాయెత్తు కట్టించి, చివరికి రక్తపరీక్ష దాకా వస్తారు. అక్కడినుంచి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే.

అయితే కొందరిలో పుట్టుకతోనే గామా నోరు మూయదు. పెద్దయ్యాక కూడా పలుకుతూనే ఉంటుంది, వాళ్లకు ఇబ్బందేమీ లేదు. మరి మిగతావాళ్లలో గామా నోరు మూయించేదెవరు? బీసీఎల్11ఏ అనే ప్రొటీన్. రక్తాన్ని తయారుచేసే మూలకణాలను బయటికి తీసి, వాటిలో ఆ ప్రొటీన్ తాలూకు స్విచ్చును క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తెంపి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ అనుమతిచ్చింది. చెడిన బీటాను ఎవరూ బాగుచేయలేదు చూడండి. పాతదాని నోరు మళ్లీ తెరిపించారు. నా లెక్కన ఇంతకన్నా తెలివైన వైద్యం ఈ మధ్య రాలేదు. ధర మాత్రం అమెరికాలో 22 లక్షల డాలర్లు, అదీ మన బాధ.

జన్యువు పలకకపోవడమే కాదు, అతిగా పలికినా రోగమే. హర్-2 అందరిలోనూ ఉన్న మంచి జన్యువు, కణానికి 'ఎదుగు' అనే కబురు అందుకునే గ్రాహకాన్ని చేస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం వాటిలో దీనికి కాపీలు పెరిగిపోయి అరుపులు మొదలవుతాయి. బయాప్సీ రిపోర్టులో 0, 1+, 2+, 3+ అని వేస్తారు. 3+ అంటే పాజిటివ్. 2+ అయితే తేల్చుకోవడానికి ఇంకో పరీక్ష చేస్తారు. మా బంధువు ఒకావిడ 3+ కాగితం పట్టుకుని వచ్చింది. "అన్నా, జన్యువు అని రాశారు. మా పాపకు సంబంధాలు చూస్తున్నాం, ఇది బయటికి తెలిస్తే ఎట్టా?" అంది. ఆవిడ టెన్షన్ తన ప్రాణం గురించి కాదు. ఈ మార్పు ఆ గడ్డలోనే పుట్టిందనీ, పాపకు సంక్రమించేది కాదనీ రెండుసార్లు చెప్పాను. వంశంలో వచ్చేవి వేరే ఉన్నాయి, వాటికి పరీక్షా వేరే. ఆ గ్రాహకాన్ని పట్టుకుని కట్టడిచేసే మందు 1998 నుంచే ఉందని చెప్పాక గానీ ఆవిడ కుర్చీలో కూర్చోలేదు.

ఇక చివరి ప్రశ్న నాకు ముందే చీటీ మీద వచ్చింది: "పాలు తాగితే కడుపుబ్బరం, పెరుగు తింటే ఏమీ కాదు. ఎందుకు?" పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే లాక్టేజ్ జన్యువు చంటిబిడ్డలో బాగా పలుకుతుంది. పాలు మాన్పించే వయసు దాటాక చాలామందిలో గొంతు తగ్గిపోతుంది. అది జబ్బు కాదు. పెద్దయ్యాక కూడా పలికేవాళ్లు ఉత్తరాదిన ఎక్కువ, మన వైపు తక్కువ. పెరుగులోనైతే తోడుపెట్టిన బ్యాక్టీరియాయే లాక్టోజ్‌ను కొంత తినేస్తుంది, మిగిలింది అరగడానికీ సాయం చేస్తుంది. బయట కుండలో మజ్జిగ పెట్టారట, చీటీ రాసినాయన భయపడకుండా తాగొచ్చు.