5,000 రూపాయలు, ఒక జీతం చీటి

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు నేను సింగరేణి బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చిన 5,000 రూపాయల గురించి మాట్లాడతాను. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ 5,000 చుట్టూ మన రాష్ట్ర నాయకులు కార్మికుల గురించి చెప్పే మాటలన్నీ తిరుగుతున్నాయని నాకు అనిపిస్తుంది.

మా అత్తగారిది భూపాలపల్లి. మామగారు చాలా ఏళ్లు బొగ్గు బాయి పని చేసి, ఆరోగ్యం పాడై మెడికల్ అన్‌ఫిట్ అయ్యారు. అలాంటప్పుడు సింగరేణి ఆ కుటుంబానికి ఇచ్చేది ఒక్క ఉద్యోగమే కాబట్టి అది పెద్ద బామ్మర్దికి వచ్చింది. చిన్న బామ్మర్ది అదే కంపెనీ స్థలంలో, ఒక కాంట్రాక్టర్ కింద పనిచేస్తాడు. తెల్లవారుజామున ఇద్దరూ ఒకే ఇంట్లో చాయ తాగుతారు. ఇద్దరి టిఫిన్ డబ్బాలూ అత్తమ్మే కడుతుంది. మొదటి షిఫ్టుకు ఒకే బండి మీద బయలుదేరుతారు. గేటు దాటాక ఒకరు పర్మినెంటు, ఒకరు కాంట్రాక్టు.

2024లో దసరా ముందు లాభాల వాటా ప్రకటించారు. పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికుడికి 5,000. సింగరేణి చరిత్రలో కాంట్రాక్టు వాళ్లకు బోనస్ ఇవ్వడం అదే మొదటిసారి. 38 రెట్ల తేడా. నేను బతుకమ్మ పండక్కి వెళ్లినప్పుడు ఆ ఇంట్లో ఏదో గొడవ ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. చిన్నవాడు ఫోన్ తెచ్చి బ్యాంకు మెసేజ్ చూపించాడు. "బావా, పైసలు తక్కువే. కానీ కంపెనీ లెక్కలో నా పేరు మొదటిసారి ఎక్కింది" అన్నాడు. పక్కనే కూర్చున్న పెద్దవాడు తల వంచుకుని పల్లీలు ఒలుస్తూ ఉన్నాడు. తమ్ముడి సంతోషానికి ఏమనాలో వాడికి తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఇక నాయకులు ఏమన్నారో చూద్దాం. కార్మికులకు లాభాల్లో వాటా ఇవ్వడం 1999-2000లో మొదలైంది, అప్పుడు 10 శాతం. తెలంగాణ వచ్చాక కేసీఆర్ ప్రభుత్వం పెంచుకుంటూ పోయి 32 శాతానికి తెచ్చింది. రేవంత్ రెడ్డి ప్రభుత్వం 33 శాతం అంది. దానికి బీఆర్‌ఎస్ నాయకులు ఒప్పుకోలేదు. మొత్తం లాభం 4,701 కోట్లయితే, 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం లెక్క కట్టారు, ఇది మోసం అన్నారు. పక్కన పెట్టిన డబ్బు కొత్త గనులకు, విస్తరణకు అని ప్రభుత్వం చెప్పింది. కొత్త గనులు రాకపోతే రేపు ఉద్యోగాలే ఉండవన్నది వాళ్ల వాదన. ఆ మాటలోనూ నిజం ఉంది. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. అదే 2024లో బొగ్గు బ్లాకులను కేంద్రం వేలం వేసినప్పుడు, వేలం లేకుండా సింగరేణికే ఇవ్వమని రాష్ట్రం అడిగింది. బొగ్గు శాఖ మంత్రి కిషన్ రెడ్డి మనవాడే. అయినా వేలం ఆగలేదు.

శ్రోతలు గమనించాలి. 33 శాతమా, అందులో సగమా అని ఇంత వాదన జరిగింది. దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు 5,000 సరిపోతుందా అన్న ప్రశ్న మాత్రం సభల్లో అంత గట్టిగా వినపడలేదు. ఎర్రజెండా సంఘాలు ఎప్పటినుంచో అడుగుతున్నాయి, కేంద్ర ప్రభుత్వ కంపెనీ కోల్ ఇండియాలో కాంట్రాక్టు వాళ్లకు ఒప్పుకున్న హైపవర్ కమిటీ వేతనాలు ఇక్కడా ఇవ్వాలని. దాని కోసం 2022లో రోజుల తరబడి సమ్మె చేశారు. నా అభిప్రాయం అడిగితే, వాళ్లు అడిగింది న్యాయం. బోనస్ ఏడాదికోసారి వచ్చేది. జీతం నెలనెలా వచ్చేది. పిల్లల ఫీజు, ఇంటి కిరాయి నెలనెలా ఉంటాయి కదా.

ఇంకొక మాట. 2023 డిసెంబరు 27న సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు, అంటే కార్మికుల తరఫున కంపెనీతో మాట్లాడే సంఘాన్ని ఎన్నుకునే ఎన్నికలు జరిగాయి. అందులో పర్మినెంటు కార్మికులకే ఓటు. కాంట్రాక్టు వాళ్లకు లేదు. ఓటు లేని చోట మాట ఎంతవరకు చెల్లుతుందో మనకు తెలిసిందే. ఆ మొదటి 5,000 ఇచ్చిన మరుసటి ఏడాది, 2025లో, పర్మినెంటు వాళ్ల వాటా సగటున లక్షా 95 వేలు దాటింది. కాంట్రాక్టు వాళ్లది 5,500 అయింది. అంటే అన్నకు ఆ ఏడాది పెరిగింది ఎంతో, తమ్ముడికి మొత్తం వచ్చిందీ దాదాపు అంతే.

సమయం తక్కువ ఉంది, అసలు విషయానికి వస్తాను. జీతం చీటి. మళ్లీ చెబుతున్నాను, జీతం చీటి.

చిన్నవాడితో పాటు పనిచేసే ఒకతనికి ఆ మొదటి 5,000 రాలేదు. మధ్యలో కాంట్రాక్టర్ మారాడు. పాత కాంట్రాక్టర్ దగ్గర పనిచేసినట్టు అతని చేతిలో ఒక్క కాగితం లేదు. పని చేసిన మాట నిజం, చూసినవాళ్లు ఉన్నారు. కాగితమే లేదు. అది విన్నాక మా చిన్నవాడు తన కాంట్రాక్టర్ మనిషిని జీతం చీటి అడిగాడు. "నీకెందుకు, డబ్బులు పడుతున్నాయి కదా" అన్నాడట. మూడు నెలలు అడిగాక ఇచ్చాడు. చూస్తే, చేసిన 26 మస్టర్లకు, అంటే హాజరు రోజులకు, 22 అని ఉంది.

మీరు ఎవరి కింద పనిచేసినా, నెలనెలా జీతం చీటి ఇవ్వడం కాంట్రాక్టర్ బాధ్యత. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద ఇది ఉండేది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. ఆ కోడ్‌లు మంచివని బీజేపీ వాళ్లు, కార్మికుల హక్కులు పోతాయని ఎర్రజెండా వాళ్లు అంటున్నారు, ఆ వాదన ఇప్పట్లో తేలదు. కానీ కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని ఇచ్చిన అసలు కంపెనీ చెల్లించాలన్నది పాత చట్టంలోనూ ఉండేది, కొత్త దాంట్లోనూ ఉంది. ఆ డబ్బు అడగాలంటే చేతిలో చీటి ఉండాలి. చీటిలో మూడు చూడండి: ఎన్ని రోజులు రాశారు, పీఎఫ్ ఎంత కోశారు, మీ పీఎఫ్ నంబరు ఉందా లేదా. ఇవ్వకపోతే కాగితం మీద రాసి అడగండి, అడిగిన కాగితానికి ఒక నకలు దాచుకోండి.

మా వాడు ఆ నాలుగు మస్టర్ల కోసం అర్జీ పెట్టాడు. ఇంకా తేలలేదు. కానీ తర్వాతి నెల చీటిలో 26 అని సరిగ్గా వచ్చింది. అత్తమ్మ ఆ చీటీలన్నీ మడిచి, మామగారి పాత సింగరేణి గుర్తింపు కార్డు పెట్టిన రేకు డబ్బాలోనే పెడుతోంది.

నమస్కారం.