ఇల్లు నచ్చింది సరే, రేటు ఎప్పుడు చెప్పాలి? ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్ల సందేహాలకు ఇవాళ రిటైర్డ్ సబ్ రిజిస్ట్రార్ గారు జవాబులు చెబుతారు. మొదటి ఫోన్ తీసుకుందాం. చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

శ్రోత: తిరుపతి ఎమ్మార్ పల్లి నుంచి సార్. మేము బాడుగింట్లో ఉండాము. పక్క వీధిలోనే రెండు సెంట్లలో కట్టిన మిద్దిల్లు అమ్మకానికి వచ్చింది. 78 లక్షలు చెప్తా ఉండారు. మా ఆయనకీ నాకూ బాగా నచ్చేసింది. ఇంకో పార్టీ రేపు పొద్దున్నే అడ్వాన్సుతో వస్తా ఉంది, మీరు రాత్రికే 2 లక్షలు బయానా ఇచ్చేయండి అంటా ఉండాడు బ్రోకరు. ఇచ్చేదా సార్?

సలహాదారు: ఇవ్వద్దమ్మా. ఆ పార్టీ నిజంగా ఉన్నా సరే, ఇవ్వద్దు. ఈ ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది. చిక్కులున్న ఇంటికి డబ్బు ఇచ్చేస్తే ఆ డబ్బు కోసం కోర్టు చుట్టూ తిరగాలి. డాక్యుమెంట్లు చూపించారా?

శ్రోత: జిరాక్స్‌లు ఇచ్చినారు. ఒరిజినల్ బీరువాలో ఉండాది, రిజిస్ట్రేషన్ నాడు ఇస్తామన్నారు.

సలహాదారు: అక్కడే ఆగండి. బీరువాలో ఉంటే తీసి చూపించడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఒరిజినల్ బ్యాంకులో కుదువ పెట్టి జిరాక్స్ చూపించేవాళ్లని నేను ఆఫీసులో బాగా చూశాను. మన రాష్ట్రంలో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్, ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. తీసుకోండి. కానీ ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి. డాక్యుమెంటు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుని రిజిస్టర్ చేయించకపోతే అందులో పడదు. ఇంకొకరికి తెల్లకాగితం మీద అగ్రిమెంటు రాసిచ్చినా పడదు. అందుకే ఒరిజినల్ చేత్తో పట్టుకుని చూడాలి. దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లూ అడగండి.

మన ఊరికి ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. తిరుపతి చుట్టూ దేవస్థానం భూములు, మఠం భూములు, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూములు పక్కపక్కనే ఉన్నాయి. ఆ సర్వే నెంబరు నిషేధిత జాబితాలో, అదే 22ఏలో ఉందేమో చూసుకోండి. ఉంటే రిజిస్ట్రేషనే కాదు. ఎంత అందమైన ఇల్లయినా మీకు పనికిరాదు.

శ్రోత: ఇవన్నీ చూసేలోపల ఇంగొకరు ఎగరేసుకుపోతే సార్?

సలహాదారు: మీ భయం నాకు అర్థమైంది. అందుకే రెండు పనులు ఒకేసారి చేయండి. లాయరు కాగితాలు చూస్తుండగానే మీరు బ్యాంకుకి వెళ్లి మీ జీతానికి లోను ఎంత వస్తుందో రాయించుకోండి. ఈ రేటుకి బ్యాంకు మహా అయితే 80 శాతం ఇస్తుంది. అదీ వాళ్ల వాల్యుయేటరు కట్టిన విలువ మీదే. మిగతా 20 శాతం, అంటే 15 లక్షల 60 వేలు, మీ చేతిలో ఉండాలి. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి ఏడున్నర శాతం. అదొక 5 లక్షల 85 వేలు. మొత్తం 21 లక్షల 45 వేలు. లాయరు ఫీజు, బ్రోకరు కమీషను వేరే. ఉందా అమ్మా?

శ్రోత: ...18 దాకా ఉండాది సార్.

సలహాదారు: చూశారా. రాత్రికి 2 లక్షలు ఇచ్చుంటే ఆ తర్వాత వడ్డీకి పరిగెత్తేవాళ్లు. ఇప్పుడు ఈ లెక్కతో బేరానికి కూర్చోండి. రెండు సెంట్లంటే మన అంకణాల్లో 24.2. నెల్లూరు వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు, మనకి 36. కాబట్టి టేపు పట్టి కొలిపించి, అగ్రిమెంట్లో చదరపు అడుగులే రాయించండి. ఆ వీధిలో ఈ మధ్య అమ్ముడైన ఇళ్లు ఎంతకి పోయాయో ఇరుగుపొరుగుని అడగండి. స్థలానికి ఒక రేటు, పాతబడిన కట్టడానికి ఒక రేటు విడివిడిగా కట్టండి. కాగితాలు శుభ్రంగా ఉండి, లోను ఖాయమైతే, ఆ రోజే రేటు చెప్పేయండి. ఇంకా ఆలోచిస్తూ కూర్చుంటే మంచి ఇల్లు నిజంగానే చెయ్యి దాటిపోతుంది. లోను రాకపోతే అడ్వాన్సు వాపసివ్వాలని ఒక వాక్యం రాయించుకోండి. 20 వేలు, ఆ పైన నగదు వద్దు, చట్టం ఒప్పుకోదు. చెక్కు ఇవ్వండి, లేదా ఆన్‌లైన్లో పంపండి. ఇంకొకటి, ధర 50 లక్షలు, ఆ పైన అయితే 1 శాతం టీడీఎస్, అంటే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, మీరే పట్టి కట్టాలి. అది అమ్మేవాళ్ల డబ్బులోదే.

వ్యాఖ్యాత: తర్వాత చిత్తూరు నుంచి. చెప్పండి అన్నా.

శ్రోత: కొంగారెడ్డిపల్లె నుంచి సార్. నేను కొనాలనుకునేది, అమ్మేవాళ్ల నాయన కట్టిన ఇల్లు. ఆయన పోయినాడు, వీలునామా లేదు. పెద్దకొడుకు అమ్ముతా ఉండాడు. చెల్లెలు బెంగుళూరు, తమ్ముడు అమెరికా. రేటు కుదిరింది, అడ్వాన్సు ఇచ్చేయ్ అంటా ఉండాడు.

సలహాదారు: అమ్మ ఉందా?

శ్రోత: ఉండాది సార్, ఆ ఇంట్లోనే.

సలహాదారు: అయితే ఆ ఇంటికి నలుగురు హక్కుదారులు. పెళ్లయి వెళ్లిపోయిన కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. మీరు కుదుర్చుకున్నది పెద్దకొడుకు రేటు ఒక్కటే. మిగతా ముగ్గురితో ఫోన్లో మీరే మాట్లాడండి, ముఖ్యంగా ఆ తల్లితో. ఆమె తర్వాత ఎక్కడుంటుందో కూడా అడగండి. ఇష్టం లేకుండా ఆమెని ఖాళీ చేయిస్తే గొడవ మీ గడప దగ్గరికే వస్తుంది. అమెరికా తమ్ముడు అక్కడి మన కాన్సులేట్లో అటెస్ట్ చేయించి పవరాఫ్ అటార్నీ పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. అగ్రిమెంటు మీద అందరి సంతకాలూ పడే రోజే అడ్వాన్సు ఇవ్వండి.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్, తిరుచానూరు నుంచి అమ్మ.

శ్రోత: ఆషాఢం కదా సామీ, మా అత్త ఇప్పుడు ఇంటి మాటే ఎత్తొద్దంటాది. శ్రావణం దాకా ఆగేదా?

సలహాదారు: అత్తగారి మాట కాదనొద్దమ్మా. అగ్రిమెంటు శ్రావణంలోనే పెట్టుకోండి. కాగితాలు చూడటానికీ, మాట కలపడానికీ ఆషాఢం అడ్డు రాదు. అడిగేవాళ్లు తక్కువున్న నెల కాబట్టి అమ్మేవాళ్లు కొంచెం దిగుతారు కూడా. ఇల్లు పల్లంలో ఉందా?

శ్రోత: రోడ్డుకన్నా రవ్వంత కిందికే.

సలహాదారు: అయితే 2021 నవంబరు వానలకి నీళ్లు ఎంతవరకు నిలబడ్డాయో ఓనర్ని కాదు, ఎదురింటివాళ్లని అడగండి. మంచం, బీరువా జరిపి గోడ అడుగున చూడండి. కొత్త సున్నం కిందినుంచి ఉప్పు పూసి పెచ్చులు లేస్తుంటే అది చెమ్మే. సంపు మూత తీయించి, పగుళ్లున్నాయా, మురుగువాసన వస్తోందా చూడండి. అవి ఉంటే బాగుచేయించడానికి ఎంతవుతుందో మేస్త్రీని అడిగి, ఆ మొత్తం తగ్గించుకుని మీ రేటు చెప్పండి.

శ్రోత: రేపే మేస్త్రీని పిల్చుకుపోతా సామీ.